పొట్టితోక గబ్బిలం, గబ్బిల ఈగ

న్యూజిలాండ్ అడవుల్లో ఒకే చెట్టు తొర్రలో కలిసి బతికే రెండు జీవులివి. శాస్త్రనామాలు మిస్టసీనా ట్యూబర్క్యులేటా, మిస్టసీనోబియా జీలాండికా. ఒకటి క్షీరదం, మరొకటి కీటకం. అయినా వీటిని విడివిడిగా చదివితే రెండూ సగమే అర్థమవుతాయి.

మావోరీలు పెకపెక అని పిలిచే ఈ గబ్బిలాన్ని 1843లో జాన్ ఎడ్వర్డ్ గ్రే వర్ణించాడు. ఈగ వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. 1973లో నార్త్‌లాండ్‌లోని ఒమాహుటా అడవిలో లోపలంతా బోలుగా ఉన్న ఒక మహా కౌరీ వృక్షం కూలింది. అందులోని గబ్బిలాల నివాసంలో రెక్కల్లేని ఈగలు కనిపించాయి. వాటిని పరిశీలించిన కీటక శాస్త్రవేత్త బెవర్లీ హాలోవే, అప్పటికి తెలిసిన ఏ కుటుంబంలోనూ అవి ఇమడవని తేల్చి, 1976లో కొత్త కుటుంబాన్నే ఏర్పరచింది.

ఎగరగలిగినా, నేల మీద ఇంత చురుగ్గా తిరిగే గబ్బిలాలు చాలా అరుదు. పొట్టితోక గబ్బిలం రెక్కలను తోలుతొడుగులో మడిచి, ముంజేతుల మీద నడుస్తూ, రాలిన ఆకుల్లో పురుగులను వెతుకుతుంది. పండ్లు, మకరందం కూడా తింటుంది. డాక్టిలాంథస్ అనే పరాన్నజీవి మొక్కకు పరాగసంపర్కం చేస్తుంది. న్యూజిలాండ్‌లో నేల మీద వేటాడే క్షీరదాలు లేకపోవడం వల్లే దీనికి నడక అబ్బిందని చాలాకాలం అనుకున్నారు. ఆస్ట్రేలియాలో దొరికిన మయోసీన్ శిలాజాలు ఆ వాదాన్ని దెబ్బతీశాయి: దీని పూర్వీకులు అక్కడే, ఇతర క్షీరదాల మధ్యే నడవడం నేర్చాయి.

ఈగ మాత్రం ఎగరడం పూర్తిగా మానేసింది. సాలీడువంటి పొడవాటి కాళ్లు, పట్టున్న గోళ్లు దాని ఆస్తి. ఇతర గబ్బిల ఈగల్లా ఇది రక్తం పీల్చదు; దాని జీవితం గడిచేది గబ్బిలాల రెట్ట మీదే. పెద్దవీ, డింభకాలూ గుంపుగా ఉంటాయి, ఒకదాన్నొకటి శుభ్రం చేసుకుంటాయి. గబ్బిలాలు తావు మారిస్తే వాటి బొచ్చు పట్టుకుని వెళ్తాయి. పురుగులే ఆహారమైన గబ్బిలం వీటిని ఎందుకు తినదు? ముసలి మగ ఈగలు చేసే సన్నని ఝంకారం దాన్ని దూరంగా ఉంచుతుందని హాలోవే భావించింది. ఈ చిన్న జీవి గురించి ఇంతకన్నా ఆశ్చర్యకరమైన విషయం లేదు.

గబ్బిలం లేని చోట ఈ ఈగకు మనుగడ లేదు. ఎలుకలు, స్టోట్లు, పిల్లులు, అడవుల నరికివేత గబ్బిలాలను తగ్గించాయి. 1960ల తొలినాళ్లలో బిగ్ సౌత్ కేప్ దీవికి ఎలుకలు చేరాక, ఈ గబ్బిలానికి దగ్గరి చుట్టమైన పెద్ద పొట్టితోక గబ్బిలం 1967 తర్వాత నిర్ధారణగా కనిపించలేదు.