ఏ దారిన వచ్చారు?

దివిసీమలో ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్ళు చేతికిచ్చి అడిగే మొదటి మాట, "ఏ దారిన వచ్చారు?" అని. బెజవాడ నుంచి అవనిగడ్డకి ముఖ్యంగా మూడు దారులు. కరకట్ట వెంబడి తోట్లవల్లూరు, శ్రీకాకుళం, మోపిదేవి తగులుతూ వచ్చేది ఒకటి. ఉయ్యూరు, పామర్రు దాటి కూచిపూడి, చల్లపల్లి మీదుగా దిగేది ఇంకొకటి. బందరు దాకా పెద్ద రోడ్డున పోయి అక్కడ 216 పట్టుకునేది మూడోది. వచ్చినవాడు ఏది చెప్పినా అడిగినవాడికి నచ్చదు. "అయ్యో, చల్లపల్లి మీదుగా రావాల్సిందండీ, ఇప్పుడు రోడ్డు బాగుంది" అంటాడు. గుడివాడ వాళ్ళకీ ఈ జబ్బుంది. బందరు వెళ్ళాలంటే గుడ్లవల్లేరు, పెడన మీదుగానా, పామర్రు తిరిగా అన్నదాని మీద కాఫీ చల్లారిపోయేదాకా వాదించుకోగలరు.

ఐర్లండ్ పడమటి ఒడ్డున మేయో అనే జిల్లాలో కాపురం పెట్టాక తెలిసింది, ఇక్కడివాళ్ళు ఇందులో మనకన్నా రెండాకులు ఎక్కువే చదివారని. డబ్లిన్ విమానాశ్రయం నుంచి వెస్ట్‌పోర్ట్ చేరేసరికి పక్క పొలం రైతు కంచె దగ్గరే నిలబడి ఉంటాడు. ఇండియాలో అమ్మానాన్నా ఎలా ఉన్నారని తర్వాత అడుగుతాడు. ముందు అడిగేది, "లాంగ్‌ఫర్డ్ మీదుగా వచ్చారా, అథ్లోన్ మీదుగానా?"

ఇంత పట్టింపు ఎందుకంటే ఇక్కడ దారులు లెక్కకు మించి ఉన్నాయి. ద్వీపం మొత్తం కలిపినా మన ఆంధ్రప్రదేశ్‌లో సగం. అందులో ఐర్లండ్ రిపబ్లిక్ జనాభా 2022 లెక్కల ప్రకారం 51 లక్షలు. వాళ్ళకున్న రోడ్లు దాదాపు లక్ష కిలోమీటర్లు! అందులో చాలా భాగం ఒక కారు మాత్రమే పట్టే సందు రోడ్లు. వాటిని బోరీన్లంటారు. రెండు పక్కలా రాతి గోడలో ముళ్ళ పొదలో, నడిమధ్య పచ్చగడ్డి చార. ఇంత కొద్దిమంది జనానికి ఇన్ని రోడ్లు ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని ఆరా తీస్తే ఈ దేశపు చరిత్ర సగం తెలిసిపోతుంది.

మొదటి సంగతి, ఈ దేశంలో ఒకప్పుడు ఇంతకన్నా ఎక్కువమంది ఉండేవాళ్ళు. 1841 జనాభా లెక్కల్లో ద్వీపమంతా కలిపి 81 లక్షలు దాటారు. ఇవాళ ఉత్తర ఐర్లండ్‌ని కలుపుకున్నా ఆ అంకె రాదు. రెండో సంగతి, 1898 దాకా రోడ్లు వేయించింది గ్రాండ్ జ్యూరీలు. పేరు చూసి కోర్టు అనుకునేరు. కోర్టూ అదే, జిల్లా బోర్డూ అదే. జిల్లాలోని పెద్ద భూస్వాములు కూర్చుని ఎక్కడ రోడ్డు వెయ్యాలో తీర్మానించేవాళ్ళు. పన్ను కట్టేది మాత్రం కౌలురైతు. దొరగారి బంగళా గేటు దాకా రోడ్డు తిన్నగా పోయి, తోట ప్రహరీ ఎదురయ్యేసరికి దాని చుట్టూ ప్రదక్షిణం చేయడం ఇప్పటికీ చాలా చోట్ల కనిపిస్తుంది. స్టీరింగు తిప్పుతూ ఆ దొరని మనసులో ఒక మాట అనుకోవాల్సిందే. చెప్పొద్దూ, రోడ్లు మాత్రం నాణ్యంగా వేశారు. 1770లలో ఇక్కడ తిరిగిన ఆర్థర్ యంగ్ అనే ఇంగ్లీషాయన వాటిని తెగ మెచ్చుకున్నాడు.

ఇక లాంగ్‌ఫర్డ్ దారి. డబ్లిన్ దాటి కిన్నెగాడ్ దగ్గర పెద్ద రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపుది ములింగర్, లాంగ్‌ఫర్డ్ మీదుగా పోయి, షానన్ నది దాటి స్ట్రోక్స్‌టౌన్ చేరుతుంది. ఊరు చిన్నది, వీధి మాత్రం మన బందరులోనూ లేనంత వెడల్పు. ఆ వీధి చివర పెద్ద కమాను, దాని వెనక మహన్ అనే జమీందారుల బంగళా. 1994 నుంచి అక్కడే జాతీయ కరువు మ్యూజియం ఉంది.

1845లో ఇక్కడ బంగాళాదుంపకి తెగులు పట్టింది. దుంపే బువ్వగా బతికే పేదజనం దేశంలో దాదాపు మూడో వంతు. ఏడేళ్ళలో పది లక్షలమంది చచ్చిపోయారు, అంతకు మించి దేశం వదిలిపోయారు. ఆ ఏళ్ళలో కూడా ధాన్యం, పశువులు ఇంగ్లండుకి ఓడలెక్కుతూనే ఉన్నాయి. 1847లో స్ట్రోక్స్‌టౌన్ జమీందారు డెనిస్ మహన్, కౌలు కట్టలేని 1,490 మందిని ఓడెక్కించి కెనడా పంపేయడమే చవక అని లెక్క వేశాడు. వాళ్ళు పిల్లాజెల్లాతో రాయల్ కాలవ గట్టు వెంబడి డబ్లిన్‌కి నడిచారు. అక్కడి నుంచి లివర్‌పూల్, అటునుంచి ఓడలో క్విబెక్. దాదాపు సగంమంది ఓడల్లోనో, దిగిన రేవులోనో పోయారు. ఆ నవంబర్ 2న మహన్‌ని ఎవరో కాల్చి చంపారు. ఆ కౌలుజనం నడిచిన 165 కిలోమీటర్ల కాలిబాట ఇప్పుడు నడకదారి. పొడవునా అక్కడక్కడ కంచుతో పోతపోసిన పిల్లల బూట్ల జత ఒకటి రాతి దిమ్మె మీద ఉంటుంది. బూటు లేసు రంధ్రాలు కూడా కనిపించేంత పనితనం. వానపడ్డ మర్నాడు అందులో నీళ్ళు నిలిచి ఉంటాయి.

కాలవ గట్టు అంటే మనకి ప్రాణం లేచొస్తుంది. మన డెల్టాలో రోడ్డుకి దారి చూపింది కాలవే. ఇక్కడి రాయల్ కాలవ పడవల కోసం తవ్వింది, చేను తడపడానికి కాదు. ఇది నీళ్ళు పెట్టుకునే దేశం కాదు, నీళ్ళు తోడిపోసుకునే దేశం.

ఈ తేడా తెలిస్తేగాని కరువు రోడ్ల సంగతి అర్థం కాదు. మేయోలో కొండవాలు మీదకి ఒక్కోచోట సన్నటి రాళ్ళబాట ఎక్కుతుంది. ఒక బండి పట్టే వెడల్పు, చేత్తో పేర్చిన అంచురాళ్ళు, కింద కొట్టి పరిచిన కంకర, పైన గడ్డి. కొంతదూరం పోయాక ఆగిపోతుంది. ఊరు లేదు, ఇల్లు లేదు, గేటు కూడా లేదు. ముందంతా బురదనేల. కారు వెనక్కి తిప్పుకోవడమే. ఇవి ఆ కరువులో వేసినవి. ఊరికే తిండి పెడితే జనం సోమరులవుతారని, పని చేయించి కూలి ఇవ్వాలని లండన్ నిర్ణయం. ఆ పని ఏ ఒక్క భూస్వామికీ లాభం కలిగించేది కాకూడదని మొదట్లో ఇంకో నిబంధన. పొలంలో మురుగు కాలవ తవ్వితే అది దొర సొంతానికి లాభం. రోడ్డయితే ఎవరి సొంతమూ కాదు కదా! 1847 మార్చి నాటికి ఏడు లక్షలమందికి పైగా ఆడా మగా పిల్లలు ఈ పనుల్లో రాళ్ళు కొడుతున్నారు. కూలి పని కొలతని బట్టి. ఒంట్లో సత్తువ లేనివాడికి కొలత తగ్గేది, కూలి తగ్గేది, తిండి తగ్గేది. ఆ వసంతంలో పనులు ఆపేసి గంజి కేంద్రాలు తెరిచారు. ఎక్కడి రోడ్డు అక్కడే నిలిచిపోయింది.

అదే 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ గోదావరికి ఆనకట్ట మొదలుపెట్టాడు. 1852లో బెజవాడ దగ్గర కృష్ణ మీద పని ఎత్తుకున్నారు, కెప్టెన్ ఓర్ దగ్గరుండి 1855కి పూర్తి చేయించాడు. మనకి అప్పటికి 1832–33 నందన కరువు ఇంకా కళ్ళముందే ఉంది. గుంటూరు సీమలో మూడో వంతు జనం తుడిచిపెట్టుకుపోయిన కరువది. ఒకే బ్రిటన్, ఒకే పదేళ్ళ కాలం. ఆకలికి మన దగ్గర ఆనకట్ట, ఇక్కడ దిక్కులేని రోడ్లు. కాటన్ దొరకి మనం ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే. కానీ కుంపిణీ అంత డబ్బు కుమ్మరించడానికి ఒప్పుకున్నది ఎకరం తడిస్తే శిస్తు పెరుగుతుందనే. కొండమీది రోడ్డుకి ఏ శిస్తూ రాదు. మన తాతలకి అన్నం పెట్టింది కాటన్ పట్టుదల, దానికి తోడు కుంపిణీ లెక్కల పుస్తకం. ఐర్లండ్ ఆకలి ఆ పుస్తకంలో ఖర్చు పద్దులోనే ఉండిపోయింది.

ఆ ఖర్చు పద్దు చూసిన మనిషి పేరు చార్లెస్ ట్రెవెల్యన్. లండన్ ఖజానాలో ప్రధాన అధికారి. ఇక్కడ బడిపిల్లలకి కూడా తెలిసిన పేరు. ఫుట్‌బాల్ మైదానాల్లో వేలమంది గొంతెత్తి పాడే 'ద ఫీల్డ్స్ ఆఫ్ అథెన్‌రై' పాటలో ఆయన పేరుంది, తిట్టుగానే. ఈ కరువు దైవనిర్ణయమని పుస్తకం రాసినవాడు. ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా దిగాడు. బందరు జిల్లాకి గుంటూరు తాలూకాలు కొన్ని చేర్చి కృష్ణా జిల్లా అని పేరు పెట్టింది ఆ సంవత్సరమే. మద్రాసులో ఆయన మంచి పేరే తెచ్చుకున్నాడు. కలకత్తా వాళ్ళు ఆదాయపు పన్ను వేస్తామంటే జనం మీద మోపకూడదని బాహాటంగా ఎదిరించి, 1860లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఈ మాట మా పక్క రైతుకి చెబితే మొహం అదోలా పెట్టాడు. నమ్మలేదనుకుంటా.

గాల్వే తిరిగి వచ్చే దారి అన్నిటికన్నా దూరం. అథ్లోన్ దాటి మోటార్‌వే మీద గాల్వే దాకా పోయి, కానెమారా కొండల మధ్య లీనేన్ చేరి, అక్కడి నుంచి ఆర్ 335 అనే చిన్న రోడ్డున డెల్ఫీ, డూలాక్ సరస్సు, లూయిస్‌బర్గ్ మీదుగా వెస్ట్‌పోర్ట్. గంటన్నర ఎక్కువే పడుతుంది. గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. వీపు మీద ఎవరి గుర్తు వాళ్ళు నీలం, ఎరుపు రంగులతో పూస్తారు. హారన్ కొడితే లేవవు, కారు దిగి అదిలించాలి. ఇంటిదారిగా దీన్ని ఎంచుకునేవాడు తెలివైనవాడు కాదు. అయినా ఊరి నుంచి ఎవరొచ్చినా నేను ఇటే తెస్తాను.

1849 మార్చి 30న లూయిస్‌బర్గ్‌లో కొన్ని వందలమంది ఆకలిజనం చేరారు. సాయానికి అర్హులో కాదో అధికారులు చూసి తేల్చాలి. వచ్చిన అధికారులు చూడకుండానే డెల్ఫీ బంగళాకి బస మార్చారు. మర్నాడు పొద్దున్న ఏడింటికల్లా అక్కడికి రాకపోతే పేరు కొట్టేస్తామన్నారు. పంతొమ్మిది కిలోమీటర్లు, కొండదారి, రాత్రి, చలిగాలి. నడిచారు. అక్కడికి చేరితే దొరలు భోంచేస్తున్నారు, ఆగమన్నారు. ఆ తర్వాత ఏమీ లేదు పొమ్మన్నారు. తిరుగుదారిలో సరస్సు ఒడ్డున పడిపోయినవాళ్ళు పడిపోయారు. ఎంతమంది అన్నది తేలలేదు. అప్పటి పత్రిక వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది అంది, ఊళ్ళోవాళ్ళు వందలంటారు. లెక్క తేలని చావులు దివి వాళ్ళకి కొత్త కాదు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో సర్కారు చెప్పిన అంకెకీ, కోడూరు, నాగాయలంక ముసలివాళ్ళు చెప్పే అంకెకీ ఈనాటికీ పొంతన లేదు. డూలాక్ రోడ్డు పక్కన ఒక రాతి శిలువ ఉంది. దాని మీద చెక్కిన మాటలు మన గాంధీవి. తోటి మనుషుల్ని అవమానించడంలో గౌరవం ఏముందని ఆయన వేసిన ప్రశ్న.

బాలిన్‌రోబ్ మీదుగా ఇంకో దారి ఉంది గాల్వే నుంచి. అది కోపం దారి. 1880లో అక్కడ లాక్ మాస్క్ సరస్సు పక్కన కెప్టెన్ బాయ్‌కాట్ అనే భూస్వామి ఏజెంటుకి కౌలురైతులు పని మానేశారు, సరుకులమ్మలేదు, పలకరించలేదు. ఉత్తరాది నుంచి యాభైమందిని తెచ్చి, సైన్యాన్ని కాపలా పెట్టి కోత కోయించుకున్నాడు. ఐదు వందల పౌన్ల పంటకి పదివేల పౌన్లు ఖర్చయిందంటారు. ముందు ఏడాదే మైకేల్ డావిట్ మేయోలో భూమి ఉద్యమం లేవదీశాడు. చివరికి 1903 చట్టంతో కౌలురైతు భూమిని వాయిదాల మీద కొనుక్కుని సొంతదారు అయ్యాడు. చల్లపల్లి ఎస్టేటు కింద నలిగిన ఊళ్ళవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మనకి ఎస్టేట్ల రద్దు చట్టం రావడానికి 1948 దాకా పట్టింది.

ఇక మీరెవరైనా వచ్చి కారు అద్దెకి తీసుకుంటే, మనలాగే ఎడమవైపే నడుపుతారు, భయం లేదు. 2005 జనవరి నుంచి వేగం బోర్డులన్నీ కిలోమీటర్లలోనే ఉన్నాయి. 2015 దాకా పల్లెటూరి ఇంటికి సరైన చిరునామా ఉండేది కాదు. పబ్బు దాటాక రెండో మలుపు అని చెప్పుకునేవాళ్ళు. ఆ ఏడు ఇంటింటికీ ఎయిర్‌కోడ్ అని ఒక గుర్తు ఇచ్చారు, దాంతో ఫోను మ్యాపు నేరుగా గుమ్మానికే తెచ్చి దించుతుంది. చిక్కల్లా ఆ మ్యాపు నాలుగు నిమిషాలు కలిసొస్తాయని బోరీన్లలోకి తోలుతుంది. 2025 ఫిబ్రవరి నుంచి అలాంటి పల్లె రోడ్ల మీద వేగం 80 నుంచి 60కి తగ్గించారు. నిజానికి 40లో పోయినా గుండె దడదడే. ఎదురుగా ట్రాక్టరొస్తే ఎవరికి గేటు సందు దగ్గరగా ఉంటే వాళ్ళు వెనక్కి పోవాలి. దాటేటప్పుడు ఎదుటివాడు స్టీరింగు మీద నుంచి చూపుడువేలు ఒక్కటి లేపుతాడు. మీరూ లేపండి, లేకపోతే పొగరనుకుంటారు.

చలికాలంలో నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి అప్పుడు లాంగ్‌ఫర్డ్ దారే నయం. టర్లో నుంచి వెస్ట్‌పోర్ట్ దాకా 2023లో కొత్త రోడ్డు వేశారు, కాసిల్‌బార్ ఊళ్ళోకి దూరే పనిలేదు. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది. అప్పుడైతే గాల్వేలో అన్నం తినేసి, పెట్రోలు నింపుకుని, డూలాక్ మీదుగా రండి. డెల్ఫీ దాటాక ఫోను సిగ్నల్ ఉండదు, వంట ఎప్పటికి చెయ్యాలో లీనేన్‌లోనే ఫోన్ చేసి చెప్పండి.