పల్నాటి పందెము – పరీక్షలో మోసము

పల్నాటి కథ నెఱుఁగని తెలుఁగువారు అరుదు. పండ్రెండవ శతాబ్దమున గురజాల నేలిన నలగామరాజు పక్షమున నాయకురాలు నాగమ్మయు, మాచర్ల నేలిన మలిదేవుని పక్షమున బ్రహ్మనాయుఁడును గోడిపందె మొడ్డిరి. ఓడినవారు రాజ్యము విడిచి యేడేండ్లు ప్రవాస ముండవలెను. నాగమ్మ వంచనచే గెలిచెనని జనశ్రుతి. అది నిజమో కాదో తేల్చుటకు మేము పూనుకొనము. మాకుఁ గావలసినది పందెపు పరిమాణము. కోడి యోడిన గంపెడు జొన్నలు పోవునన్నచో వంచన కెవరు పాల్పడుదురు? రాజ్యమే పోవునన్నప్పుడు గదా బుద్ధి వంకరపోవును!

నేఁడు పదియవ తరగతి పరీక్షను మన మట్టి పందెముగాఁ జేసితిమి. ఇది నిన్నటి పని గాదు. 1857లో మదరాసు విశ్వవిద్యాలయ మేర్పడిన పిమ్మట మెట్రిక్యులేషను సర్కారు కొలువునకు ద్వారమయ్యెను. చదువు వెనుకఁబడి, పట్టము ముందునకు వచ్చెను. గురజాడవారి కన్యాశుల్కమున పరీక్ష తప్పి తండ్రికి వెఱచు వేంకటేశమును జూచి మనము నవ్వితిమే గాని, ఆ వెఱపును మన యిండ్లనుండి వెడలఁగొట్టలేదు.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణముగ పల్నాడు జిల్లా యేర్పడెను. అదే నెల 27న రాష్ట్రమంతట పదియవ తరగతి పరీక్షలు మొదలయ్యెను. అంతకుముందు రెండేండ్లు కోవిడువలన పరీక్షలు లేకయే అందఱును ఉత్తీర్ణులైరి. బడి సరిగా జరుగక వెనుకఁబడిన పిల్లలు బల్లలముందు గూర్చుండిరి. మొదటిదినముననే నంద్యాల జిల్లాలో ప్రశ్నపత్రము సెల్ ఫోనులో ఫొటోగా బయటికిఁ బోయెను. పలుచోట్ల నిర్బంధింపఁబడినవారిలో ఉపాధ్యాయులును గలరు. పరీక్ష వ్రాయువాఁడు భయముచేఁ దప్పుచేసె నందము. వ్రాయించువాని కేమి భయము? అతని పనితనమును గూడ ఉత్తీర్ణుల శాతముతోనే కొలుచుచున్నారు. ప్రైవేటు బడికి ఆ యంకె వ్యాపారము. సర్కారు బడికి సంజాయిషీ. పిల్లవాని పందెముమీఁద పెద్దలు పైపందెములు కాయుచున్నారన్నమాట. అందులో తల్లిదండ్రులమైన మనమును లేకపోలేదు.

2019లో 94.88 శాతముండిన ఉత్తీర్ణత 2022లో 67.26 శాతమునకు దిగెను. ఈ తగ్గుదల యంతయు మోసమునకు ముడిపెట్టుట యన్యాయము. పోయిన రెండేండ్ల చదువే దానికిఁ జాలును. అయినను, ఒకచోట పత్రము బయటపడినచో ఊరూర నిజాయితీగా వ్రాసిన బాలిక మార్కులను గూడ జనులు శంకింతురు. చీటీతో గట్టెక్కినవాఁడో, ఇంటర్మీడియేటు పుస్తకము విప్పి మొదటి పుటలోనే నిలిచిపోవును.

శాసనము లేక కాదు. మూడేండ్లకుఁ దక్కువగాక యేడేండ్లవఱకు కారాగారము విధించు చట్టము 1997లోనే వచ్చెను. చీనాదేశమున సుంగు వంశపు దొరలు అభ్యర్థి దస్తూరి తెలియకుండ సమాధానములను గుమాస్తాలచే తిరుగ వ్రాయించి దిద్దించెడివారు. ఆ పరీక్షలు 1905లో రద్దగువఱకును మోసము తెగలేదు. గెలిచినవానికి ఉద్యోగము, వంశమునకు గౌరవము, మఱి తెగుటెట్లు?

ఆ 2022లోనే, మనవా రంతగాఁ బట్టించుకొనని పని యొకటి జరిగెను. తప్పిన రెండు లక్షలమంది కొఱకు జూలైలో మరల పరీక్ష జరిపి, అందుఁ దేఱినవారిని మొదట తేఱినవారితో సమానముగ నెంచిరి. పల్నాటిలో నోడినవారి కేడేండ్లు పట్టెను. గడువు తీరినను రాజ్యము దక్కక కారెమపూడి రణమునకుఁ బోయిరి. ఈ పిల్లలకుఁ బట్టినది ఒక నెల.