ఎనిమిది కింద ఏడు

దగ్గరికి జరగండర్రా, ఆ మంటలో ఇంకో పుల్ల వెయ్యండి. నేను బర్మింగ్‌హామ్‌లో పనిచేసిన తొలి రోజుల్లో షిల్లింగుకి పన్నెండు పెన్నీలు. మనకి 1957లో అణాలు పోయి నయాపైసలొచ్చినట్టే, వాళ్లకి 1971 ఫిబ్రవరి 15న కొత్త లెక్కొచ్చింది. అంతదాకా బస్సు కండక్టరిచ్చే చిల్లరలో జుట్టు ముడేసుకున్న పడుచు విక్టోరియా కూడా వచ్చేది. 1860లో మొదలైన కంచు పెన్నీలవి. వందేళ్లు చేతులు మారి నున్నగా అరిగిపోయినా చెల్లేవి.

నేనున్న ఇంటి యజమాని, ముసలాయన, ఓ రాత్రి 1865 నాటి పెన్నీ నా చేతిలో పెట్టి, "ఆ ఐదుని చూడు" అన్నాడు. భూతద్దం పెట్టి చూస్తే ఐదు వెనకనుంచి మూడు తొంగిచూస్తోంది! అప్పట్నుంచి నాకా పిచ్చి పట్టుకుంది.

అంకె వెనక అంకె ఎలా వస్తుందంటారా? నాణెం కొట్టే అచ్చు ఉక్కు దిమ్మ. సంవత్సరంలో చివరి అంకెని చాలాసార్లు విడిగా, అంకె ఉన్న ఉక్కు ముక్క ఆనించి సుత్తితో కొట్టి దించేవాళ్లు. ఏడాది మారినా అచ్చు బాగానే ఉంటే ఎవరు పారేస్తారు? ఏడు మీదే ఎనిమిది దించేవాళ్లు. పాత ఏడు పూర్తిగా చావదు. 1848, 1858 రాగి పెన్నీల్లో ఇలాంటివి బాగానే కనిపిస్తాయి. 1860 రాగి పెన్నీకైతే 59 మీద 60 దించాల్సొచ్చింది. అది మాత్రం అరుదు. నాకైతే రాణి మొహంకంటే ఆ అంకె కింద అంకే ఇష్టం. పేరు తెలియని పనివాడి చెయ్యి అక్కడ కనిపిస్తుంది.

అచ్చు తప్పో, తర్వాత తగిలిన దెబ్బో తేల్చాలంటే గీతని చూడండి. అచ్చులో గుంట పడితే నాణెం మీద ఉబ్బుతుంది. అందుకే పాత అంకె ఆనవాలైనా, అచ్చు పగిలిన గీతైనా పైకి తేలి ఉంటుంది. లోపలికి దిగిన గీత జేబులోనో సంతలోనో పడ్డది. అక్షరం మాయమైతే తొందరపడొద్దు, అచ్చులో జిడ్డు పేరుకున్నా అంతే.

అక్షరాల తప్పులు కావాలంటే 1696కి వెళ్లాలి. అరిగిన, అంచులు కత్తిరించిన పాత వెండి నాణేలన్నీ కరిగించి మళ్లీ కొట్టారు. న్యూటన్ లండన్ టవర్ టంకశాలకి వార్డెన్‌గా వచ్చింది ఆ ఏడే. అది చాలక బ్రిస్టల్, చెస్టర్, ఎక్సెటర్, నార్విచ్, యార్క్‌లలోనూ టంకశాలలు పెట్టారు. ఆ హడావిడిలో క్రౌన్ అనే కొన్ని వెండి నాణేల మీద లాటిన్‌లో దేవుడి పేరులోనే 'డి' బదులు 'జి' పడింది!

అన్నట్టు, మన ఉత్తర సర్కారుల కోసం 1794, 1797 ఏళ్లు వేసి ఈస్టిండియా కంపెనీ డబ్బులు కొట్టించింది కూడా బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలోనే. మీ ఇళ్లలో దొరికితే చింతపండుతో తోమకండి. అంచు పట్టుకుని, దీపం పక్కనుంచి పడేలా నాణేన్ని మెల్లగా తిప్పండి. ముందు చివరి అంకె చూడండి.