రాతిని పోలిన గచ్చు

సిమెంటుతో కట్టిన వంటగట్టు మీద నల్లని పూత పూసి, దానిపై పసిడిచుక్కలు చిలికి, పైన గాజువంటి మెరుగు పట్టించి, అది చీమకుర్తి రాతిపలకయే యని భ్రమ గొలుపు విద్య యొకటి ఇటీవల గృహములలో ప్రవేశించినది. రాతిపలక కొనుటకు చేయి చాలనివారును, ఉన్న గట్టును పగులగొట్టుటకు మనసొప్పనివారును ఈ రంగుల నాశ్రయించుచున్నారు. ఇది నిన్నమొన్న పుట్టిన పటాటోపమని ఈసడించు పెద్దలు లేకపోలేదు. మాకు మాత్రము ఈ సంగతిని కొంత వెనుకకు పోయి చూడవలెనని తోచినది. ఏలయన, మట్టికి రాతి తొడుగు తొడుగుట జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో ఇంచుమించు రెండువేల యేండ్ల నాటి పని.

కృష్ణాజిల్లాలో మెట్టసీమ యని పేరుపడిన ఈ భాగము 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జిల్లా మారినను నేల మారలేదు గదా! మునేరు, పాలేరులు కృష్ణను చేరు ఈ నేల క్రింద పొరలు పొరలుగా సున్నపురాయి కలదు. అవతలి యొడ్డున పలనాటిలో దొరకునదియు ఈ జాతిదే. మెత్తని పొడివలె సన్నని రేణువులు గలది, పలకలుగా చీలును, ఉలికి లొంగును. నేడు సిమెంటు కర్మాగారముల వారు దీనినే త్రవ్వుకొనుచున్నారు. నాటి శిల్పులు దీనినే యేరుకొనిరి.

జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట దానికి ఈ పేరు పెట్టెను. ఊరి చెంతనున్న గుట్టపై ధనబోడు అను దిబ్బ యుండెడిది. 1882లో జేమ్స్ బర్జెస్ దొర దానిని పరిశీలించి, అది బౌద్ధస్తూపమని తెలిపి, 1887లో అమరావతి స్తూపముతో జతచేసి గ్రంథము ప్రకటించెను. దాని అడ్డుకొలత సుమారు 31 అడుగులు. లోపల నేమున్నదో వినుడు: మట్టి! రెండేసి అడుగుల మందమున మట్టిని దిమ్మిసకొట్టి, ఒక్కొక్క పొరమీద పెద్ద పెద్ద ఇటుకలను పరచి, మరల మట్టి నింపిరి. రాయి యన్నది వెలుపలి తొడుగు మాత్రమే. ఆంధ్రదేశపు స్తూపములలో పెక్కింటికి ఆ తొడుగును క్రింది భాగమునకే సరిపెట్టి, పైనున్న అండమునకు సున్నపు గచ్చు పూసిరి. నాగార్జునకొండలో ఇటుకమీద గచ్చు పూసి ఊరుకొన్న స్తూపములు ఎన్నియో కలవు. నందిగామ తాలూకాలోని గుమ్మడిదుర్రున 1926-27లో పురావస్తు శాఖవారు త్రవ్వినప్పుడు చెక్కడపు పలకలు తాపిన స్తూపము బయటపడినది. దూరమునుండి చూచు యాత్రికునకు పలక యేదో, గచ్చు యేదో తెలిసియుండునా? తెలియకుండుటయే పనివాని యుద్దేశము.

జగ్గయ్యపేట స్తూపమునకు తూర్పు వాకిట ఆయకస్తంభము లైదు నిలిపినవాడు రాజు కాడు, శ్రేష్ఠి కాడు. ఇక్ష్వాకురాజైన మాఠరీపుత్ర వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యవర్షమున, అనగా క్రీస్తు శకము మూడవ శతాబ్దమున, సిద్ధార్థుడను పనివాడు వాటిని దానము చేసెను. తాను కమ్మకరాష్ట్రములోని నడతూరు వాడైన నాగచంద్రుడను పనివాని కొడుకు ననియు, వెలగిరిలోని మహాచైత్యమునకు వీనిని సమర్పించితి ననియు ప్రాకృతమున చెక్కించెను. శాసనములలో పనివాని పేరు తండ్రి పేరుతో, ఊరితో సహా నిలుచుట అరుదు. రాతితో బ్రతుకువాడు తన ఆర్జితమును మరల రాతికే ధారపోసెను. మెట్టసీమ చరిత్రలో మాకు మిక్కిలి ప్రియమైన మనిషి ఇతడే.

ఇక ఈ రాళ్లకు పట్టిన గతి చెప్పవలెను. ధనబోడు అను పేరే దానికి శత్రువైనది. ధనము దొరకునని కొందరును, ఇటుకలు, పలకలు దొరకునని కొందరును దానిని తవ్వుకొనిపోయిరి. చిత్రమేమనగా, ఆ దిబ్బలో దొరకిన పలకలలో మిక్కిలి ప్రసిద్ధమైనదానిపై చక్రవర్తి చేయి పైకెత్తగా మేఘములనుండి నలుచదరపు నాణెములు వర్షించుచుండును. దానిని మాంధాత శిల్పమని చెప్పుదురు. ప్రస్తుతము చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమున నున్నది. అమరావతిలో ఇంతకంటె ఘోరము జరిగెను. అదే వేంకటాద్రి నాయుడు అచట నగరము కట్టించుచుండగా దీపాలదిన్నె అను దిబ్బలో రాళ్లు బయటపడెను. 1797లో కర్నల్ మెకంజీ చూచినవాటిలో, 1816లో అతడు చిత్రకారులతో తిరిగి వచ్చునప్పటికి ఎన్నియో కనబడలేదు. కొన్ని మెట్లలోనికి పోయెను, కొన్ని గోడలలోనికి. కొన్నిటిని బట్టీలో వేసి సున్నముగా కాల్చిరి. శిల్పి నెలల తరబడి తీర్చిన ముఖము ఒక రాత్రి మంటలో తెల్లని గడ్డ యయ్యెను. ఏ యింటి గోడకో పూతగా పోయెను.

సున్నముగతి యిట్లుండును: శుద్ధమైన సున్నపురాయి 100 మణుగులు కాల్చినచో 56 మణుగుల సున్నము మిగులును, తక్కిన 44 మణుగులు బొగ్గుపులుసు గాలియై పోవును. ఆ సున్నమునకు నీరు చల్లి, చంపి, ఇసుకతో గానుగలో నూరి గోడకు పూసినచో, అది గాలిలోని ఆ వాయువునే మరల మెల్లమెల్లగా పీల్చుకొని తొల్లిటి రాయిగా మారును. కావున మంచి గచ్చు రాతికి నకలు కాదు. అది తిరిగివచ్చిన రాయియే. చెక్కడము మాత్రము తిరిగి రాదు.

ఈ తిరిగివచ్చు రాతిని పాలరాతివలె మెరయించుటలో దక్షిణదేశపు తాపీవారు గడించిన కీర్తి సముద్రములు దాటినది. సెంట్ హెలీనా దీవికి గవర్నరుగా నుండిన ఐజక్ పైక్ చెన్నపట్టణపు గచ్చు చేయు పద్ధతిని వ్రాయగా 1732 ప్రాంతమున లండను రాయల్ సొసైటీ వారు తమ పత్రికలో అచ్చువేసిరి. బెల్లపునీరు, కరక్కాయ, కోడిగ్రుడ్ల తెల్లసొన, నేయి, పెరుగు — వంటింటి సామగ్రియంతయు ఆ జాబితాలో కలదు! తుది పూతను నున్నని గులకరాతితో గంటల తరబడి రుద్ది, బలపపు రాతిపొడి చల్లి మెరుగు తెత్తురు. అట్టి స్తంభములను చూచి తెల్లదొరలు పాలరాయి యనుకొనుట కద్దు. ఇతర దేశములవారు మాత్రము తక్కువ తినలేదు. క్రీస్తు శకము 79లో అగ్నిపర్వతపు బూడిదలో మునిగిన పాంపే నగరపు గోడలపై రంగురాళ్లను పోలిన గచ్చు నేటికిని కనబడును. ఇటలీవారు పదునేడవ శతాబ్దమున జిప్సమునకు రంగులద్ది రాతి చారలను తీర్చిరి.

గోడ వేరు, వంటగట్టు వేరు. పూర్వము మన వంటిండ్లలో గట్టే లేదు. పొయ్యి నేలమీదనే, వండునది పీటమీదనే. దినదినము పేడతో అలికి ముగ్గు పెట్టు నేలకు రాతిరంగు వేయు ప్రసక్తి యెక్కడిది? హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు పొగలేని పొయ్యిని రూపొందించి 1953లో పుస్తకము ప్రకటించిరి. కిరసనాయిలు స్టవ్వులును, 1965లో ఇండేన్ పేరుతో ఆరంభమైన గ్యాసును క్రమముగా వ్యాపించినకొలది ఇల్లాలు లేచి నిలుచుండి వండసాగెను. అప్పుడు నడుమెత్తు గట్టు కావలసివచ్చెను. దానిపై కడప నల్లరాయి, ఆ తరువాత చీమకుర్తి రాయి వచ్చెను.

మన వంట రాతికి పరీక్ష పెట్టును. పసుపు, సున్నము కలిసినచో ఎరుపగునని పారాణి కలిపిన ప్రతి స్త్రీకి తెలియును. కొత్త గచ్చుమీద గాని, కొత్త సిమెంటుమీద గాని పసుపు ఒలికినచో అదే జరుగును. చింతపండు పులుసు, నిమ్మరసము సున్నమును కొరుకును. కడప రాయియు సున్నపురాతి జాతిదే గావున దాని నునుపును సైతము ఆ పులుసు మందగింపజేయును. అసలు రాయి యన్నంతమాత్రమున దానికి అభయము లేదు. చీమకుర్తి రాయి వేరుజాతిది. చింతపులుసునకు అది లొంగదు.

రంగు వేయుట తక్కువ పనియని తలచువారు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ సంగతి తలచుకొందురు గాక. రెండేండ్ల కొకమారు అమ్మవారి విగ్రహములను ఊరేగింపుగా జగ్గయ్యపేటలోని రంగుల మండపమునకు తెచ్చి, కొత్త రంగులు వేయించి మరల ఆలయమునకు కొనిపోవుదురు. దారిపొడవున జనము బారులు తీరుదురు. రంగు వెలిసిన విగ్రహమునకు మరల రంగు వేయుట ఇచట మోసము కాదు, ఉత్సవము. కొండపల్లి బొమ్మకు సైతము పొణికి కొయ్యపై తెల్లని పూత పడినగాని రంగు నిలువదు.

గట్టు విషయమునను ఆ తెల్లని పూతయే ముఖ్యము. సిమెంటు పూర్తిగా ఆరవలెను; నూనెజిడ్డు కడిగి, గరుకు కాగితముతో రుద్ది, అంటుపూత వేయవలెను. ఈ పనికి బద్ధకించినవారి రంగు పెచ్చులూడుట నిశ్చయము. అటుపిమ్మట ఒక రంగు నిండుగా పూసి, దానికి కొంచెము ముదురు, కొంచెము లేత రంగులను స్పాంజితో అద్దవలెను. చారలకు సన్నని కుంచెగాని, పక్షి యీకగాని చాలును. చేయి వణికినను చింతలేదు, రాతిలోని చార తిన్నగా నుండదు. పైన రెండు పాళ్లు కలిపి పోయు ఎపాక్సీ మెరుగు గట్టిపడుటకు కొన్ని దినములు పట్టును. అది పులుసునకు లొంగదు గాని వేడికి మెత్తబడును. పొయ్యి దించిన గిన్నెకు క్రింద కుదురు తప్పదు. మరియొక మాట. నిజమైన పలకలో చార పైనుండి అంచు మీదుగా క్రిందికి దిగును. పనివాడు పైభాగమును చక్కగా తీర్చి అంచును ఒట్టి నలుపుతో ముగించుట తరచు కలదు. కూలి యిచ్చుటకు ముందు గృహిణి వంగి ఆ అంచును చూడవలెను.