రిత్తగిన్నె తిరిగి పంపరాదు: బరంపురములో ఇంటి వంటకముల ఇచ్చిపుచ్చుకోళ్ళు

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, మూడున్నర దశాబ్దములు గుమాస్తాగా దస్త్రములు త్రిప్పి, విశ్రాంతి పొందినవారము. రాజుల చరిత్రలు, శాసనముల పాఠములు వ్రాయగల సమర్థులు వేరే కలరు. అయితే ఒక చరిత్ర గ్రంథములకు ఎక్కక, మన వంటయిండ్లలోని జాడీల మూతల క్రిందనే నిలిచియున్నది. ఇంట చేసిన పదార్థములను పదిమంది ఒకచోట కూడి ఇచ్చిపుచ్చుకొను ఆచారము యొక్క చరిత్ర అది. దానిని మాకు తెలిసినంతవరకు ఇచట మనవి చేసెదము.

ఊరు, ఊరివారు

1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము బరంపురము మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాము జిల్లాకు చెందిన పట్టణము. ఆనాడు ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడుటతో మన పెద్దలు ఇల్లు కదలకయే వేరొక రాష్ట్రమువారైరి. అందుచేత మనలో పెక్కురు వలస వచ్చినవారు కారు. పొలిమేర రాయి మాత్రమే జరిగినది. అంతకు ఎంతయో ముందు వచ్చి స్థిరపడినవారును కలరు. పట్టునేతకు పేరుగన్న దేరావారు రాజమహేంద్రవర ప్రాంతమునుండి మహురి రాజుల ఆహ్వానముపై వచ్చిరని స్థానిక ప్రతీతి. రెండేండ్లకొకసారి జరుగు బుఢీ ఠాకురాణీ యాత్రలో వారి దేశిబెహరా కుటుంబమునకు నేటికిని పెద్దరికము కలదు. రాష్ట్రపతి పదవి నలంకరించిన వి. వి. గిరిగారు 1894లో జన్మించినదియు ఈ యూరనే.

పట్టుచీరలతో పాటు ఈ యూరికి కీర్తి తెచ్చినవి అప్పడములు, ఊరగాయలు. నేడు అవి అంగళ్ళలో పొట్లములుగా దొరకుచున్నవి గాని, వాటి పుట్టుక మాత్రము ఇండ్ల వసారాలలోనే. మినపపిండిని ఉప్పు, జీలకర్ర, మిరియము, ఇంగువలతో కలిపి, నూనె రాచిన రోకలితో మెత్తగా దంచి, ఉండలు చేసి, పీటమీద కర్రతో పలుచగా ఒత్తి, నీడపట్టున ఆరవేయవలెను. ఎండ మించినచో బీటలు వారును. చాలకున్నచో బూజు పట్టును. ఇది ఒక్క యిల్లాలివల్ల అగు పని కాదు. ఒకరు దంచవలెను, ఇద్దరు ఉండలు చేయవలెను, నలుగురు ఒత్తవలెను, పిల్లలు ఆరవేయవలెను. నేడు మీ యింట, ఎల్లుండి మా యింట అని వంతులు వేసికొనియే మా చిన్ననాట వీధి యంతయు అప్పడములు చేసికొనెడిది. కూడి పనిచేసినవారు కూడి పంచుకొనుట సహజమే గదా.

వాయనము, సారె, రిత్తగిన్నె

ఈ పంపకమునకు మూలము మన పూర్వాచారములలోనే కలదు. నోములు నోచినప్పుడు ముత్తయిదువలకు వాయనము ఇత్తురు. అమ్మాయి అత్తవారింటికి వచ్చినప్పుడు తెచ్చిన సారెను వీధి వీధికి పంచుదురు. పేరంటమునకు వచ్చినవారు శనగలు, పండ్లు కొంగున గట్టుకొని పోవుదురు. వీటికన్న ప్రబలమైన నియమము ఒకటి కలదు. పొరుగింటినుండి వచ్చిన గిన్నెను రిత్తగా తిరిగి పంపరాదు. ఏమియు లేకున్న ఒక బెల్లపు ముక్కయైనను వేసి పంపవలెను. గుమాస్తా కండ్లతో చూచినచో ఇది ముగింపు లేని లెక్క. జమకు ఖర్చు, ఖర్చుకు జమ పడుచునే యుండును. ఖాతా ఎన్నడును మూతపడదు. పొరుగువారి నడుమ ఆ ఖాతా మూతపడకుండుటయే పెద్దల ఉద్దేశమని మా నమ్మకము.

ఇంటి వంటను వెలకు ఇచ్చుటయు మనకు క్రొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామములో ఓరుగంటి పూటకూటియింటి భోజనము ఒక్క రూకకు దొరకినట్లు వర్ణింపబడినది. మన పొరుగుననున్న విజయనగరమున 1892లో ప్రదర్శింపబడిన గురజాడవారి కన్యాశుల్కములో పూటకూళ్ళమ్మ ముఖ్యపాత్రలలో ఒకతె. ఆమె వితంతువు. దిక్కులేని స్త్రీకి చేతివంటయే జీవనాధారమైన కాలమది. ఆమె వంట అందరు తినిరి, ఆమెకు గౌరవము మాత్రము ఇచ్చినవారు కొందరే. ఈ మాట చదువరులు గుర్తుంచుకొనవలెను. దీనితో మాకు క్రింద పని గలదు.

ఎండినది, ఊరినది, ఉడికినది

అన్ని వంటకములును అన్ని గడపలు దాటినవి కావు. నీటిలో ఉడికిన అన్నము, పప్పు, కూర ఇతర కులములవారి యింటినుండి పుచ్చుకొనని ఆచారము మా బాల్యమున గట్టిగానే యుండెను. నూనెలో వేగినవి, ఉప్పులో ఊరినవి, ఎండలో ఎండినవి అయినచో పట్టింపు కొంత సడలెడిది. వేర్వేరు కులములు, వృత్తులు గల మన తెలుగు కుటుంబములు ఒక బల్ల చుట్టు చేరుటకు ఆవకాయ, అప్పడము, వడియము తోడ్పడుటకు ఇదియే కారణమని తోచుచున్నది. అయితే ఉన్నమాట దాచరాదు. ఆ గిన్నె కొన్ని వాడలకు ఎన్నడును పోలేదు. ఆ వాడల గిన్నెలు మన వీధికి రాలేదు. వారును తెలుగువారే. సంఘ భవనములో బల్ల వేసిన తరువాతనే, అదియు మెల్లమెల్లగా, ఆ అడ్డు తొలగ నారంభించినది.

బల్లలు వేసిన కథ

మా సంఘములో సంక్రాంతికి ముందటి ఆదివారమునాడు ఇంటి పిండివంటల ఇచ్చిపుచ్చుకోళ్ళు జరుపుట 1980ల ప్రాంతమున మొదలైనది. ఎవరింట చేసినది వారు తెచ్చి బల్లపై పెట్టుదురు. తమకు లేనిది పుచ్చుకొని పోవుదురు. లెక్క వ్రాయుట మా వంతు. ఇచ్చినది, పుచ్చుకొన్నది, నిలువ అని మూడు గడులు గీసి పద్దు పెట్టితిమి. మొదటి గంటలోనే తగవు వచ్చినది. ఒక వీశె ఆవకాయకు ఎన్ని గుమ్మడి వడియములు సరి? వీశె అనగా 120 తులములు, రమారమి 1 కిలో 400 గ్రాములు. మేము సరకుల వెల చూచి లెక్క కట్టబోతిమి. ఆడవారు నవ్విరి. ఆవకాయకు ఒకనాడు కలిపి, మూడవనాడు తిరగకలిపిన చాలును. వడియములకు బూడిదగుమ్మడికాయను తరిగి, ఉప్పు వేసి, రాత్రియంతయు బరువు క్రింద పెట్టి నీరు పిండి, తెల్లవారుజామున మినపపిండి రుబ్బి, పెట్టి, రెండు మూడు ఎండలు కాకులనుండి కాచుకొనవలెను. కనుక చిన్న డబ్బా వడియములు పెద్ద జాడీ ఆవకాయకు సరి యని వారు తేల్చిరి. సరకు వెల మాకు తెలియును. చేతిపని వెల వారికి తెలియును. ఆనాటినుండి పద్దు మేము వ్రాసితిమి, ధర వారు చెప్పిరి.

ఇక మేము చేసిన పొరపాటు చెప్పవలెను. రెండవ సంవత్సరము మా కమిటీ ఒక తీర్మానము చేసినది. “ఇది బజారు కాదు, పైకమునకు అమ్మకము జరుపరాదు, ఇచ్చిపుచ్చుకొనుట మాత్రమే.” మా దస్తూరి బాగుండునని ఆ ప్రకటన మాచేతనే వ్రాయించిరి. తలుపుపై అంటించినదియు మేమే. ఆ ఉదయము మా వెనుక వీధి మామ్మగారు పది కట్టల అప్పడములు బుట్టలో పెట్టుకొని వచ్చినది. చిన్ననాటనే భర్తను పోగొట్టుకొని, అప్పడములు ఒత్తియే బ్రదుకు వెళ్ళదీసినది. మేము ప్రకటన చదివి వినిపించితిమి. ఆమె కోపింపలేదు.

“బాబూ, నా యింట్లో తినేదాన్ని నేనొక్కర్తెనే. ఇన్ని ఊరగాయలు పట్టుకెళ్ళి ఏం చేసుకుంటాను? బియ్యం కొట్టువాడు అప్పడాలు పుచ్చుకోడు గదా?”

మా యొద్ద జవాబు లేదు. మరల ఆ కాగితమువంకనే చూపితిమి. ఆమె బుట్ట నెత్తికెత్తుకొని వెళ్ళిపోయినది. ఆ రాత్రి మా యింటావిడ ఒక్కమాట అన్నది. “నెల తిరిగేసరికి మీరు జీతం పుచ్చుకుంటే మర్యాదా, ఆవిడ అప్పడానికి డబ్బు పుచ్చుకుంటే అమర్యాదానా?”

నెలజీతము వచ్చు ఇండ్లకే బదులుకు బదులు చాలును. పైకము లేని యింటికి పైకమే కావలెనని మాకు అప్పుడు తెలిసినది. కమిటీలో ఈ సంగతి ఎత్తితిమి. వాదోపవాదములు చాల జరిగినవి. మరుసటి సంవత్సరము రెండు బల్లలు వేసితిమి, ఒకటి ఇచ్చిపుచ్చుకొనుటకు, ఒకటి అమ్మకమునకు. మామ్మగారు మాత్రము రాలేదు. పర్లాకిమిడిలో మేనకోడలి యింటికి వెళ్ళిపోయినదని తెలిసినది. ఆ కాగితము వ్రాసిన చేయి మాదే గనుక, ఈ సంచికలో ఒప్పుకొనుచున్నాము.

ఒక అరిసెకు ఐదు పేర్లు

ఈ సంచిక చదువు మన కుటుంబములు ఐదు ప్రాంతములలో నున్నవి. అందరి యింటను సంక్రాంతికి కనబడునది అరిసె. నానిన బియ్యమును తడిపిండి కొట్టి, బెల్లపు పాకమున కలిపి, నూనెలో వేచి, చెక్కలతో నొక్కి తీయుదురు. దీనినే ఒడిస్సాలో ఆరిసా పిఠా అందురు. తమిళనాట అదిరసము, మహారాష్ట్రమున అనారసె, కన్నడదేశమున కజ్జాయ. తిరుమల ఆలయ శాసనములలో అతిరసపడి యను నైవేద్యము పేర్కొనబడినది. మా ఒడియా ఇరుగుపొరుగువారు ఆరిసా తెచ్చి, మా అరిసె పుచ్చుకొని, రెండును కొరికి చూచి, “ఇది మీరు మా యొద్ద నేర్చినది” అందురు. మేమును ఆ మాటయే అందుము. ఈ వ్యాజ్యము ఎన్నటికిని తీర్పు కాకుండుటయే మేలు. మార్గశిర గురువారములందు వారు లక్ష్మీదేవికి పిఠాలు నివేదించి పంచుదురు. మన ఉత్తరాంధ్ర ప్రాంతమున కూడ మార్గశిర లక్ష్మివార వ్రతము కలదు. ఆ నెలలో ఏ గిన్నె ఎవరిదో చెప్పుట కష్టము.

చేతివంట గౌరవమైన జీవనోపాధి కాగలదనుటకు మహారాష్ట్రమునందలి మనవారికి కండ్లయెదుటి నిదర్శనము కలదు. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాములో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మేడమీద అప్పడములు ఒత్తనారంభించిరి. అదియే నేటి లిజ్జత్ సంస్థ. వారు మనవలెనే వసారాలో మొదలిడిరి. ఒత్తినవారందరు లాభములో భాగస్వాములు గావలెనని నియమము పెట్టుకొనుటయే వారి విశేషము. 1959లోనే వారికి తోచిన ఈ మాట మాకు ఇరువది యేండ్లు దాటిన పిమ్మట గాని తోచలేదు.

గాలివాన, నిర్బంధము, చట్టము

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినప్పుడు మా ఊరు చీకటిలో మునిగినది. దినముల తరబడి విద్యుత్తు లేదు, అంగళ్ళు తెరువలేదు. అప్పుడు ప్రతి వీధిలోను జాడీలు బయటికి వచ్చినవి. ఒకరి అటుకులు, ఒకరి ఊరగాయ, ఒకరి పొడి. పద్దు వ్రాయువారు లేరు, ధర అడిగినవారును లేరు. ఏండ్ల తరబడి నడచిన ఖాతా ఆ వారములో అక్కరకు వచ్చినది.

2020 మార్చి 25 శార్వరి ఉగాది. ఆనాడే దేశమంతట నిర్బంధము మొదలైనది. ఉగాదికి వేయవలసిన బల్లలు వేయలేదు. ఆ తరువాత తిరిగి వేసితిమి గాని, ఒత్తుటకు వంగలేని పెద్దలు, వచ్చుటకు తీరిక లేని పిన్నలు అధికమైరి.

చట్టము సంగతియు తెలిసికొనదగినది. ఆహార కల్తీ నిరోధమునకు 1954లో శాసనము వచ్చినది. దాని స్థానమున 2006లో చేయబడిన ఆహార భద్రతా ప్రమాణముల చట్టము 2011 ఆగష్టు 5 నుండి పూర్తిగా అమలైనది. ఏటికి 12 లక్షల రూపాయలకు మించని చిన్న వ్యాపారమునకు లైసెన్సు అక్కరలేక రిజిస్ట్రేషను చాలునని నాటి నిబంధనలు చెప్పినవి. నియమములు మారుచుండును గనుక అమ్మకపు బల్లపై కూర్చుండు సోదరీమణులు ఇప్పటివి విచారించి నమోదు చేసికొనుట మంచిది. ఆ దరఖాస్తులు నింపుటకు మావంటి పాత గుమాస్తాలు ప్రతి ఊరను ఉందురు. అడిగిన సంతోషముగా నింపుదురు.

ముగింపు

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350ఏ అధికరణము చేర్చబడినది. అయినను మా వీధి పిల్లలలో తెలుగు అక్షరములు వచ్చినవారు తక్కువ. ఇటీవల మా బల్లపై ఒక చిన్న నియమము పెట్టితిమి. ప్రతి జాడీపై పేరు తెలుగులోనే వ్రాయవలెను, వ్రాయునది ఇంటిలోని పిల్లలే కావలెను. ఈ సంవత్సరము మా మనుమరాలు “మాగాయ” అని వ్రాయబోయి “మగాయ” అని వ్రాసినది. దీర్ఘము ఎందుకని అడిగినది. మాగుట యను మాటనుండి వచ్చినదని చెప్పితిమి. ముక్కలు ఎట్లు మాగునో వాళ్ళ నాయనమ్మ జాడీ తెరచి చూపినది. భాషాపాఠము, వంటపాఠము ఒక్క గడియలో ముగిసినవి.

కావున చదువరులకు మా విన్నపము. మీ ఊర బల్ల లేకున్న వేయుడు. ఉన్నచో రెండవ బల్ల కూడ వేయుడు. మీ గిన్నె ఇంతవరకు పోని వాడ ఏదియో చూచి, ఈసారి మొదట అచటికే పంపుడు. అది రిత్తగా తిరిగి రాదు.