నోటు రాసి మూడేళ్లు దాటిందా? కోర్టు గడువులు ఇవీ..

ఆళ్లగడ్డలో ఒకరు 2023 జూన్ 12న తెలిసినవారికి రూ.2 లక్షలు ఇచ్చి, అడిగినప్పుడు చెల్లించేలా ప్రామిసరీ నోటు రాయించుకున్నారనుకుందాం. బాకీదారు పైసా కట్టకపోతే 2026 జూన్ 12లోగా దావా వేయాలి. గడువు దాటితే నోటుకు కాలదోషం పట్టినట్టే. ఎదుటివారు అభ్యంతరం చెప్పకపోయినా కోర్టు దావాను కొట్టేయాల్సిందే. 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతున్నది ఇదే. నంద్యాల కోర్టయినా, ఆళ్లగడ్డ కోర్టయినా ఇదే లెక్క.

గడువు ఎప్పటి నుంచి?
ఇలాంటి నోటుకు రాసిన తేదీ నుంచే లెక్క. డబ్బు అడిగిన రోజు నుంచి కాదు. పెద్దమనుషుల పంచాయితీ నడుస్తున్నా, లాయర్ నోటీసు పంపినా గడువు ఆగదు. చివరి రోజు కోర్టుకు సెలవైతే మాత్రం, తెరిచిన రోజున వేయొచ్చు.

గడువు పెరగాలంటే?
మూడేళ్లలోపు బాకీదారు కొంత కట్టి, నోటు వెనుక చెల్లు రాసి సంతకం చేస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. బాకీ ఉందని రాసి సంతకం చేసినా అంతే. నోటిమాట చెల్లదు. గడువు దాటాక కూడా పాత బాకీ కడతానని కొత్తగా రాసి సంతకం చేస్తే, అది చెల్లే ఒప్పందమే.

మిగతా గడువులు
* అప్పుపై ఇచ్చిన సరుకు డబ్బు: మూడేళ్లు
* ఆక్రమణలో ఉన్న సొంత భూమి: 12 ఏళ్లు
* డబ్బు వసూలు డిక్రీ అమలు: 12 ఏళ్లు
* వినియోగదారుల ఫిర్యాదు: రెండేళ్లు
* చెక్కు బౌన్స్: బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక కట్టడానికి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు

క్రిమినల్ కేసుల్లో..
2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ 514వ సెక్షన్ ప్రకారం, జరిమానా మాత్రమే ఉన్న నేరాలకు 6 నెలలు, ఏడాది వరకు జైలు ఉన్నవాటికి ఏడాది, మూడేళ్ల వరకు ఉన్నవాటికి మూడేళ్లు గడువు. అంతకు మించిన శిక్ష ఉన్న హత్య వంటి నేరాలకు గడువు లేదు. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కోర్టు మన్నించవచ్చు. సివిల్ దావాకు ఆ వెసులుబాటు లేదు.

అందుకే బీరువాలోని నోటు తీసి ముందు తేదీ చూసుకోండి. ఉచిత న్యాయ సలహాకు 15100కు ఫోన్ చేయొచ్చు.