సైనిక సామగ్రికి ప్రమాణములు

వికారాబాదునుండి తాండూరునకు పోవు రైలుమార్గమున ధారూరు ఒక చిన్న స్టేషను. సికిందరాబాదును వాడి జంక్షనుతో కలుపు ఈ మార్గము 1874లో వెలసినది. నాటినుండి నేటివరకు ఈ పట్టాల నడిమి దూరము అయిదడుగుల ఆరంగుళములు, అనగా 1676 మిల్లీమీటర్లు. వాడివద్ద కలియు బొంబాయి మార్గపు కొలతయు అదియే. కావున బొంబాయి రేవున బండికెక్కిన సరకు నడుమ దింపు పని లేకయే సికిందరాబాదు దండు చేరగలిగెను. 1901 నాటికి పూర్తియైన మన్మాడు మార్గము మీటరు గేజి. మన్మాడువద్ద సరకునంతటిని ఒక బండినుండి దింపి వేరొక బండికెక్కింపవలసి వచ్చెను. ముందుగా ఒక కొలతకు ఒప్పుకొనుటలోని లాభమును, ఒప్పుకొనకపోవుటలోని నష్టమును ఈ రెండు మార్గములే చెప్పుచున్నవి.

ఇట్టి ఒప్పందమునకే ప్రమాణమని పేరు. ఒక వస్తువు ఎట్లుండవలెనో, దానిని ఎట్లు పరీక్షింపవలెనో తెలుపు పత్రమును స్పెసిఫికేషను అందురు. తాండూరు బండలనే చూడుడు. ‘మంచి బండలు తెమ్ము’ అన్నంతమాత్రమున కొన్నవానికిని అమ్మినవానికిని జగడము తప్పదు. పొడవెంత, వెడల్పెంత, మందమెంత, ఆ మందములో ఎంత హెచ్చుతగ్గు సహింపవచ్చును, బండికి ఎన్నింటిని తీసి కొలిచి చూడవలెను, ఇవి వ్రాసికొన్నచో తగవునకు తావుండదు.

ఇంటికి బండలు కొనువాడు తానే వానిపై నడచును. సైనిక సామగ్రి విషయము వేరు. కొనువాడు కార్యాలయమున నుండును. చేయువాడు కర్మాగారమున నుండును. వాడువాడు మంచుకొండమీదనో, ఎడారిలోనో, సముద్రగర్భముననో ఉండును. ఆ ముగ్గురును ఒకరినొకరు ఎరుగరు. వారిని కలుపునది ఆ పత్రమొక్కటే.

పూర్వకాలమున కొనువాడే కొలిమివద్దకు వచ్చుట కలదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఉక్కునకు ప్రసిద్ధి చెందినది. సర్వేశాఖలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ కొలుములను చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. పారసీక వర్తకులు కత్తుల ఉక్కుకై ఆ యూరికి వచ్చి, తూకములను, ఉక్కు గట్టితనమును తామే పరిశీలించుకొనుచుండిరని అందు కలదు. ఆ నేర్పు వారి కంటిలోను చేతిలోను ఉండెను. కొలదిపాటి సరకునకు అది చాలును. లక్షల తుపాకులు, కోట్ల తూటాలు కావలసిన కాలమునకు చాలదు.

వ్రాసిన ప్రమాణములును వేరువేరైనచో చిక్కు తప్పదు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరమేకుల చుట్టునకు 55 డిగ్రీల కోణమును నిర్ణయించెను. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలు మేలనెను. రెండవ ప్రపంచయుద్ధమున ఆ రెండు దేశములు ఒకే పక్షమున పోరాడినను, ఒకరి బోల్టు మరియొకరి నట్టులో సరిగా పట్టలేదు. విడిభాగములను రెండు విధములుగా నిలువచేయవలసి వచ్చెను. యుద్ధము ముగిసిన పిమ్మట, 1948లో, బ్రిటను, అమెరికా, కెనడాలు ఒకే మరచుట్టునకు ఒప్పుకొనెను.

మన దేశమున భారతీయ ప్రమాణముల సంస్థ 1947లో ఏర్పడినది. 1956 నాటి చట్టము శేరు, మణుగుల స్థానమున కిలోగ్రామును నిలిపినది. రక్షణశాఖలో ప్రమాణీకరణ డైరెక్టరేటు 1962లో నెలకొన్నది. సేనలలో వస్తువుల రకములు అనవసరముగా పెరుగకుండ చూచుట దాని ముఖ్యోద్దేశము. స్థలసేన, నౌకాసేన, వైమానికసేనలకు ఉమ్మడి ప్రమాణ పత్రములను అది వెలువరించును. ఎలక్ట్రానిక్ పరికరములు వేడిమి, చలి, తేమ, దుమ్ము, కుదుపులకు ఎట్లు తట్టుకొనవలెనో తెలుపు 55555 సంఖ్యగల పత్రము వానిలో ప్రసిద్ధము. ప్రతి వస్తువునకు 13 అంకెల గుర్తుసంఖ్య నిచ్చు పద్ధతియు కలదు. ఎవరు ఏ పేరుతో పిలిచినను వస్తువు ఆ సంఖ్యచే తెలియును.

ఈ పత్రములను వ్రాయుట, చదువుట, వాని ప్రకారము పరీక్షించుట నేర్వవలసిన విద్య. ఇందు మొదటి పాఠము, పరీక్షింపజాలని మాట వ్రాయరాదనుట. ‘దృఢముగా నుండవలెను’ అనునది కోరిక. ఇంత ఎత్తునుండి ఇన్నిసార్లు పడవేసినను పనిచేయవలెననునది నిర్దేశము. రెండవది, వస్తువు చేయవలసిన పనిని చెప్పవలెనుగాని, ఒక్క వర్తకునివద్దనే దొరకు వస్తువును వర్ణింపరాదు. మూడవది కష్టతరము. అవసరమునకు మించిన కచ్చితత్వము కోరరాదు. కోరినకొలది ధర పెరుగును, చేయగలవారు తగ్గుదురు.

ఈ పాఠము మరచినచో ఏమగునో చెప్పు దృష్టాంతమొకటి కలదు. వైమానికదళపు కొనుగోళ్లపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక 2019లో పార్లమెంటు ముందునకు వచ్చినది. గుణనిర్దేశములు మితిమీరి విస్తృతముగా నుండుటచే ఏ విక్రేతయు వానిని పూర్తిగా తీర్చలేకపోయెననియు, కొనుగోలు నడుచుచుండగనే వానిని మార్చిరనియు అందు పేర్కొనిరి. వ్రాతలోని లోపము ఇట్లు ఆలస్యముగా పరిణమించును. ఆ ఆలస్యమును పాత ఆయుధముతో కావలికాయువాడు భరించును.

మన ప్రాంతమున ఈ విద్యకు పని మెండు. సికిందరాబాదు తిరుమలగిరిలో సైనిక ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగు కళాశాల కలదు. ధారూరునకు పోవు రైలుమార్గముననే ఉన్న శంకరపల్లికి చేరువలో, ఎద్దుమైలారమున, 1984లో ఆయుధ కర్మాగారము స్థాపింపబడినది. పదాతిదళమును మోయు కవచవాహనములు అచ్చట తయారగుచున్నవి. వికారాబాదు జిల్లా పూడూరు మండలమున, దామగుండపు అడవిలో, జలాంతర్గాములకు సందేశములంపు నౌకాదళ రేడియో కేంద్రమునకు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది.

ఇట్టి వానికి విడిభాగములు చేయువారిలో చిన్న కర్మాగారములవారును కలరు. అధికారికి శిక్షణ నిచ్చి అచ్చటితో ఆగిన ప్రయోజనము సగమే. గేజి పెట్టి చూచి ఒక బోల్టును పక్కకు తీసివేయు పనివానికి, అది ఏల పనికిరాదో తెలిసియుండవలెను. తెలిసినవాడు తనిఖీదారు లేనప్పుడును దానిని తీసివేయును. సముద్రగర్భమున సందేశమునకై వేచియుండు నావికుడు నమ్ముకొన్నది ఆ పనివానినే.